ఎడమ పక్క విరిగిన గొడుగు

"సాయంత్రం ఆరు దాకా టైమిస్తున్నాను హిమజా. ఎవరు ఎవరి దగ్గర కాపీ కొట్టారో ఆలోపు తేలాలి. తేలకపోతే రేపు నీ టేబుల్ ఇంకొకరికి వెళ్ళిపోతుంది."

తేజేష్ కోపంగా అన్నా బాగుండేది. తనూ నాలుగు మాటలు అని ఫోన్ పెట్టేసేది. కానీ అతని గొంతు చాలా మర్యాదగా ఉంది. నమ్మకం పోయిన మనిషితో మాట్లాడేటప్పుడు వచ్చే మర్యాద అది.

"నేను కాపీ కొట్టలేదు తేజేష్. ఎవరో నా బొమ్మ కొట్టేశారు."

"అదే చెప్పు మరి. పేరుతో సహా చెప్పు."

ఫోన్ కట్టయింది. ఉప్పల్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో కుక్కర్ మూడో కూత వేసింది. శనివారం పొద్దున పదిన్నర కావస్తోంది. హిమజ మంచం అంచున కూర్చుని ఆ ఫొటోను మళ్ళీ తెరిచింది.

రాత్రి ఎవరో ఆర్టిస్టుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో అది. మందపాటి ఇనుప ప్లేటు. దాని మీద సుద్దతో గీసిన ఒక చిన్నపిల్ల. రెండు జడల్లో ఒకటి పైకి మడిచి కట్టి ఉంది, రెండోది ఊడిపోయి వేలాడుతోంది. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. భుజం మీద విరిగిన గొడుగు.

చిత్తడి. తన చిత్తడి.

నీళ్ళలో మునిగిన నగరంలో, విరిగిన గొడుగును పడవలా తిరగేసుకుని ఇంటింటికీ తిరిగే పిల్ల. మూడేళ్ళుగా హిమజ గీస్తున్న పిల్ల. ఆ ఫొటో కింద ఎవరో రాశారు: 'ఇది హిమజ సొంత క్యారెక్టరే అయితే ఇక్కడికెలా వచ్చింది?' దాని కింద ఇంకొకరు: 'ఈ బొమ్మను నేను చిన్నప్పుడే ఎక్కడో చూశాను.' తెల్లారేసరికి నూట నలభై కామెంట్లు.

రేపు ఆదివారం ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఫ్యాన్ ఆర్టిస్టుల మేళా. దాన్ని నడిపేది తేజేష్. నలభై టేబుళ్ళ మీద తమకిష్టమైన కార్టూన్ పాత్రల్ని గీసి పెట్టుకుంటారు. ఆరు టేబుళ్ళు మాత్రం ప్రత్యేకం. సొంతంగా పుట్టించిన పాత్రలున్నవాళ్ళకే అవి. ఆ ఆరింటిలో ఒకటి హిమజకు దక్కింది. ఇరవై ఏళ్ళ జీవితంలో తనంతట తాను సంపాదించుకున్న మొదటి చోటు అది.

అంత తేలిగ్గా ఏమీ రాలేదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో టీవీలో చూసిన కార్టూన్ హీరోయిన్‌ను నోట్సు వెనక పేజీల్లో గీయడంతో మొదలైంది. కళ్ళు సాసర్లంత ఉండేవి. చేతులు రావు కాబట్టి అందరి చేతులూ జేబుల్లోనో, వీపు వెనకో ఉండేవి. పక్క వీధి బిందుమాధవి అది చూసి, "నీ బొమ్మల్లో ఒక్కళ్ళకీ చేతుల్లేవేంటే?" అంది. ఆ ఒక్క మాటకు హిమజ ఏడాదిపాటు చేతులే గీసింది. పిండి పిసికే అమ్మ చేతులు, టికెట్టిచ్చే కండక్టర్ చేతులు, ముద్ద కలిపే బాపు చేతులు. ఆ తర్వాత ఒక వానరోజున చిత్తడి వచ్చింది. పెన్సిల్‌తో ముందు గీతలేమీ గీసుకోకుండానే నేరుగా కాగితం మీదికి దిగిపోయింది.

"ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు," అని అందరికీ గొప్పగా చెప్పుకునేది.

"హిమా, ఎన్నిసార్లు పిలవాలెనే? చాయ్ సల్లారిపోతున్నది," వంటింట్లోంచి తల్లి భాగ్యశ్రీ గొంతు.

"నాకొద్దమ్మా."

"ఎందుకొద్దు? మల్ల ఆ బొమ్మల లొల్లేనా? పోచారంల ట్రైనింగు ఫారం నింపుమని వారం సంది మొత్తుకుంటున్న. అది మాత్రం యాదికి రాదు."

"అమ్మా, నా బొమ్మను ఎవలో దొంగతనం చేసిన్రు."

"బొమ్మను దొంగతనం జేసి ఏం జేసుకుంటరే? వండుకుంటరా?"

హిమజకు ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే బిందుమాధవి చెప్పులు విప్పీ విప్పకుండా లోపలికొచ్చింది. చేతిలో స్కూటీ తాళం, భుజానికి డ్రాయింగ్ సంచి.

"అత్తా, దానికి చాయ్ నేను పోస్తాలే. ఏదే ఆ ఫొటో, పెద్దది చేసి చూపించు."

ఇద్దరూ మంచం మీద తలకు తల ఆనించి కూర్చున్నారు.

"చూశావా, దొంగకి కాపీ కొట్టడం కూడా చేతకాలేదు," అంది బిందుమాధవి. "నీ చిత్తడి గొడుగు కుడివైపు కదా విరుగుతుంది? వీడు ఎడమవైపు విరిచాడు."

"అవును."

"ఇదిగో, మూల చూడు. ఏవో అంకెలు. పదిహేడు అనుకుంటా. ఏడుకి నడుమ అడ్డగీత పెట్టాడు చూడు, విచిత్రంగా."

అడ్డగీత పెట్టిన ఏడు. హిమజకు అది ఎక్కడో తగిలింది. ఎక్కడో మాత్రం అందలేదు.

"ఏమే, ఖాళీగనే కూసున్నవు గదా," భాగ్యశ్రీ మళ్ళీ కేకేసింది. "సిలిండర్ ఏ తారీఖు పెట్టినమో జర సూసి చెప్పు. మీ బాపు దాని మీదనే రాసిండు."

హిమజ లేచి వెళ్ళి స్టవ్ కిందికి వంగింది. ఎర్ర సిలిండర్ మీద తెల్ల సుద్దతో తారీఖు. పదిహేడు. ఏడుకు నడుమ అడ్డగీత.



బాపు ఏడు అలాగే రాస్తాడు. ఎప్పుడూ అంతే. నాచారంలోని ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్లో మార్కింగ్ ఫిట్టర్ ఆయన. ఇనుప ప్లేటు మీద ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ రంధ్రం పడాలో సుద్దతో గీసిస్తాడు. ఆ గీత వెంబడి గ్యాస్ కట్టర్ కోసుకుంటూ పోతాడు. ఒకటీ ఏడూ కలగాపులగమైతే లక్షల ఖరీదు ప్లేటు పాడవుతుందని ఏడు నడుమ గీత పెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటు సిలిండర్ దాకా, పాలపుస్తకం దాకా వచ్చింది.

"దొరికిండు," అంది హిమజ.

"ఎవడే?" బిందుమాధవి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"మా బాపు."

భాగ్యశ్రీ గరిటె పక్కన పెట్టింది. "ఏందీ, మీ బాపు దొంగనా? మాట మంచిగ రానియ్యి హిమా."

"ఇది ఆయన రాతే అమ్మా. కావాలంటే సూడు. ఆ దినం నన్నేమన్నడో నీకు యాది లేదా?"

యాది లేకేం. నెల కిందటి మాట. చిత్తడి ఆఖరి బొమ్మను పెద్ద కాగితం మీద రంగులతో పూర్తిచేసి, ఆరబెట్టడానికి గోడకు ఆనించింది హిమజ. డ్యూటీ నుంచి వచ్చిన తండ్రి ఉపేందర్ చెప్పులు కూడా విప్పకుండా దాని ముందు నిలబడిపోయాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "గొడుగు ఊస ఎడమ దిక్కు ఇరగాలె గదా బిడ్డా."

మూడు రాత్రులు నిద్రలేక ఉంది హిమజ. "ఇది నా సొంతం బాపూ. ఎటు ఇరగాల్నో నాకు తెలుసు. నీ ఇనుప ప్లేట్లు కాదు ఇవి, నీకేం తెలుసు?" అనేసింది. ఉపేందర్ తలూపాడు. "గంతే, గంతే," అని బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్ళ మధ్య అన్నం తిన్నావా, తిన్న అన్న మాటలే మిగిలాయి.

"నేను మాట వినలేదని, పంతానికి నా బొమ్మనే తీసుకుని తనకు నచ్చినట్టు గీసుకున్నడు," అంది హిమజ. "అది కాస్తా ఊరంతా తిరిగి ఇయ్యాల నన్ను దొంగను చేసింది."

"పంతమా? మీ బాపుకా?" భాగ్యశ్రీ నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగింది. "పంతానికి సుద్దన్న ముట్టాలె గదనే. నెల దినాల సంది ఆయన అంగీలకు సుద్దే అంటుతలేదు. ఉతుకుడు అల్కగైందని నేను సంబురపడుతున్న."

ఆ మాట హిమజ చెవిన పడలేదు. అప్పటికే చున్నీ అందుకుని గుమ్మం దాటింది.

*

బిందుమాధవి స్కూటీ మీద హబ్సిగూడ మీదుగా నాచారం చేరేసరికి పన్నెండున్నర దాటింది. మధ్యలో మెకానిక్ దగ్గర పంక్చర్ వేయించుకోవడానికి గంట పట్టింది. ఆ గంటలో ఇంకో అరవై కామెంట్లొచ్చాయి. చదవొద్దని బిందుమాధవి ఫోన్ లాక్కుంది. హిమజ మళ్ళీ లాక్కుంది.

"నిజంగా మీ నాన్నే అయితే ఏం చేస్తావే?"

"తేజేష్‌తో అదే చెప్తా."

"మీ నాన్న పేరు అందరి ముందూ పెడతావా?"

హిమజ ఆ ఫొటోను మళ్ళీ తెరిచింది.

యూనిట్ గేటు ఎదురుగా చాయ్ బండి. శనివారం కాబట్టి ఒంటిపూట డ్యూటీ. నీలం యూనిఫాంలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. వాళ్ళలో ఉపేందర్ సన్నగా, కాస్త వంగి, ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని కనిపించాడు. పక్కన నరేన్. పాతికేళ్ళుగా ఆయన గీసిన గీతల్ని కోస్తున్న గ్యాస్ కట్టర్. కనుబొమల దగ్గర నిప్పురవ్వల మచ్చలు.

కూతుర్ని చూడగానే ఉపేందర్ అడుగులు వడివడిగా పడ్డాయి.

"నువ్వేంది బిడ్డా గిట్లొచ్చినవు? అమ్మ మంచిగున్నదా?"

"అమ్మ మంచిగనే ఉన్నది. ఇది సూడు."

ఫోన్ అందుకుని, కళ్ళకు దూరంగా పట్టుకుని చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఎక్కడలేని వెలుగొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో కనిపించిన చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు. తలెత్తి కూతురి మొహం చూశాక ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

"ఇది నువ్వు గీసిందేనా బాపూ?"

"నేనే బిడ్డా."

"ఎందుకు గీసినవ్?"

"ఎవలన్న ఏమన్న అన్నరా నిన్ను?"

"దొంగ అంటున్నరు. రెండు వందల మంది అంటున్నరు. రేపు నా టేబుల్ పోతున్నది. మూడేండ్లు కష్టపడ్డ దానికి. ఎవలో పగోడు చేసిండనుకున్న. సిలిండర్ మీద నీ రాత చూసిన." ఫోన్ వెనక్కి లాక్కుంది. "నీకు నచ్చకుంటే నాతోని కొట్లాడాల్సింది. నా బొమ్మనెందుకు తీసుకున్నవ్?"

చాయ్ బండివాడు గ్లాసులు కడగడం ఆపి చూస్తున్నాడు. నరేన్ నోరు తెరవబోయాడు. ఉపేందర్ అతని మోచేయి పట్టుకుని ఆపాడు. టిఫిన్ డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా," అన్నాడు. "నీ బొమ్మ సూసి ముద్దొచ్చి గీసిన. గింత లొల్లయితదని ఎరుకలేదు. గట్లనే చెప్పు వాళ్ళకు. ఉపేందర్ అనేటోడు కాపీ కొట్టిండని రాయి. నాకేమైతది? ఆ గ్రూపుల నన్ను ఎరిగినోడు ఎవడున్నడు?"

దొంగ దొరికాడు. ఒప్పుకున్నాడు కూడా. ఇంక ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుంది. హిమజ తేజేష్ నంబరు నొక్కింది. రింగవుతుంటే బాపు వేళ్ళ వైపు చూపు పోయింది. చిన్నప్పటి నుంచీ ఆ గోళ్ళ కింద తెల్లగా సుద్ద ఉండేది. ఎంత కడిగినా పోయేది కాదు. ఇవాళ ఆ గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. గుమాస్తా గోళ్ళలా ఉన్నాయి.

"ఫోన్ పెట్టెయ్ బిడ్డా ముందుగాల," అన్నాడు నరేన్.

"నరేనూ, నువ్వూకో."

"ఊకోనన్నా. నెల దినాల సంది ఊకుంటనే ఉన్న. ఆ ఫొటో తీసింది నేను. నా స్టేటస్‌ల పెట్టింది నేను. 'మా ఉపేందరన్న ఆఖరి మార్కింగ్' అని కింద రాసి పెట్టిన. ఎవడో రాతను కత్తిరించి బొమ్మనొక్కదాన్నే పంచుకున్నడు."

హిమజ ఫోన్ కట్ చేసింది. "ఆఖరి మార్కింగ్ ఏంది కాకా?"

"ఇంట్ల చెప్పలేదా?" నరేన్ ఉపేందర్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "కంప్యూటర్ మిషన్ వచ్చింది బిడ్డా. గీసేది అదే, కోసేది అదే. ఇగ సుద్దతోటి పనేమున్నది? మీ బాపును స్టోర్ల కూసోబెట్టిన్రు. బోల్టులు లెక్కబెడుతున్నడు. నా సంగతి గూడ వచ్చే నెలల తేలుస్తరు. రా, నీకొకటి చూపెట్టాలె."

"వద్దు నరేనూ," అన్నాడు ఉపేందర్. ఆయన గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

నరేన్ వినలేదు.

*

గేటు లోపల, వాచ్‌మన్ గది పక్కనే తుక్కు సామాను కుప్ప. సోమవారం లారీ వచ్చి పట్టుకుపోతుంది. ఆ కుప్ప ముందు నాలుగు కాళ్ళ ఇనుప బల్ల ఒకటి నిలబడి ఉంది. అంచులు చేతులు రాసి రాసి నున్నబడ్డాయి. వాచ్‌మన్ వీళ్ళని చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

"మీ బాపు మార్కింగ్ బల్ల," అన్నాడు నరేన్. "మిషన్ పెట్టేటందుకు జాగ కావాలని బయట పడేసిన్రు."

బల్ల మీద తుప్పు తప్ప హిమజకు ఏమీ కనపడలేదు. నరేన్ సీసాలో నీళ్ళు కుడి మూల మీద ఒంపి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. పైనున్న తడి పోయింది. సన్నటి గుంటల్లో ఉన్న నీళ్ళు మాత్రం అలాగే నిలిచి ఎండకు మెరిశాయి.

చుక్కలు. వరుసగా, సూది మొనంత దగ్గర దగ్గరగా నీటి చుక్కలు. ఆ చుక్కల్లోంచి ఒక పిల్ల లేచింది. మడిచి కట్టిన జడ. ఊడిపోయిన జడ. ఒక్క చెప్పు. భుజం మీద గొడుగు.

"సుద్ద గీత చెయ్యి తాకితే పోతది బిడ్డా," నరేన్ అన్నాడు. "పోవద్దనుకుంటే గీత మీద మొనదేలిన ఇనుప పంచ్ పెట్టి సుత్తెతోని కొడుతం. గట్ల చుక్కలు పడుతయి. ఆ చుక్కలు ఇగ ఇనుమున్నన్ని దినాలుంటయి. కింద తారీఖు సూడు."

కింద చుక్కలతోనే రాసి ఉంది. దసరా, 2008.

అప్పటికి హిమజకు మూడేళ్ళు.

బిందుమాధవి చప్పుడు చేయకుండా హిమజ భుజం పట్టుకుంది.

"ఆయుధపూజ నాడు ఇంట్లోళ్ళందరం వస్తుంటిమి," నరేన్ చెప్పుకుపోయాడు. "మిషన్లకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. ఆ దినం గట్టిగ వాన పడ్డది. రేకుల మీద చప్పుడుకు నువ్వు భయపడి ఒకటే ఏడుపు. మీ బాపు నిన్ను ఈ బల్ల మీద కూసోబెట్టి, సుద్దతోని ఈ పిల్లను గీసిండు. దీనికి వాన భయం లేదు సూడు, గొడుగున్నది అన్నడు. నువ్వు సుద్ద గుంజుకుని గొడుగు మీద బర్రున గీకినవ్. ఏం జేసినవే అంటే, 'ఇరిగింది' అన్నవ్. ఇరిగినా పోతున్నది, భయపడుతలేదు అన్నవ్. ఇగ ఏడుపు బంద్."

హిమజ చుక్కల మీద వేలు పెట్టింది. పిల్ల మొహం, జడలు, చెప్పు, అన్నీ నేరుగా, ఒకే దూరంలో పడ్డ చుక్కలు. ఎడమ పక్క గొడుగు ఊచ దగ్గరికి వచ్చేసరికి గీత వంకరలు పోయింది. తడబడి, పైకి లేచి, కిందికి జారింది. ఆ వంకర గీత మీద కూడా అంతే శ్రద్ధగా చుక్కలు పడి ఉన్నాయి.

"పిల్ల గీకుడు అన్నా, తుడిచి మంచిగ గియ్యి అన్న నేను," నరేన్ అన్నాడు. "ఇనలే. నీ గీతను ఒక్క నూలు గూడ సరిచెయ్యకుంట అట్లనే పంచ్ కొట్టిండు. ఇగ ఆ పొద్దు సంది ప్రతి దినం మొదటి ప్లేటు మీద ఓ మూలకు ఈ పిల్లను గీసుడే. నేను ప్లేటు కోస్తే అదీ పాయె. మల్ల తెల్లారి గీస్తడు. పదిహేడేండ్లు. ఇది కాపీ అయితే, ఎవడు ఎవని కాపీ కొట్టినట్టు?"

హిమజ వేలు ఆ వంకర గీత మీదే ఉంది. ముక్కుకు ఏదో వాసన తగిలింది. బంతిపూలు, తడిసిన ఇనుము, నూనె. మూడేళ్ళ కిందట ఒక వానరోజున, పెన్సిల్ కూడా పట్టకుండా కాగితం మీదికి దిగిపోయిన పిల్ల. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదని నలుగురిలో గొప్పగా చెప్పుకున్న పిల్ల. ఇదిగో, ఇక్కణ్ణుంచి వచ్చింది.

నెల కిందట ఉపేందర్ గోడ ముందు అంతసేపు ఎందుకు నిలబడ్డాడో ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు ఆయన ఆఖరి ప్లేటు గీసి వచ్చాడు. ఇక ఎన్నడూ గీయనని అనుకున్న పిల్ల, ఇంట్లో గోడకు ఆనుకుని, రంగు బట్టలు కట్టుకుని, తనకంటే ముందొచ్చి నిలబడి ఉంది. 'నీకేం తెలుసు' అంది తను.

"బాపూ," అంది. "ఆ దినమే ఎందుకు చెప్పలే?"

ఉపేందర్ బల్ల అవతల నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఏం చెప్పాలె బిడ్డా? నా సొంతం అని నువ్వంటుంటే నీ మొకం ఎట్లున్నదో నువ్వు సూసుకోలే. నేను సూసిన. ఆ సంబురం తీసేసి నేనేం జేసుకుంట?"

"ఇందాక కూడా చెప్పలేదు. తప్పు నీ మీద వేసుకున్నవ్."

"వేసుకుంటే ఏమాయె? నాకు రేపు మేళా ఉన్నదా?" నవ్వడానికి చూశాడు. "నీకిచ్చిందాన్ని నువ్వు తీసుకుంటే దొంగతనమైతదా? ఇంగొకటి ఇను. నేను గీసింది ఒక్క తాననే నిలబడ్డది. పదిహేడేండ్ల సంది అదే నిలబడుడు. నాకు చేతులు రావు, అందుకే గొడుగు వెనక దాచిన. నువ్వు దానికి చేతులిచ్చినవ్. నడిపించినవ్. ఇంటింటికి తిప్పినవ్. గది నాతోని కాదు."

హిమజ వంగి చూసింది. నిజమే. బల్ల మీది పిల్లకు చేతుల్లేవు. గొడుగు కర్ర వెనకాల రెండూ మాయమయ్యాయి. తను ఇంటర్లో గీసిన బొమ్మల్లాగే.

ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి తండ్రి భుజం మీద తల పెట్టింది. ఉపేందర్ చెయ్యి ఆమె తల మీద కాసేపు తడబడి, తర్వాత కుదురుకుంది.

"ఎడమ దిక్కే ఇరగాలె బాపూ. నువ్వు చెప్పిందే కరెక్టు."

"నేను చెప్పింది కాదు బిడ్డా. నువ్వు చెప్పిందే."

నరేన్ గుడ్డతో బల్ల తుడుస్తున్నట్టు అవతలికి తిరిగి మొహం తుడుచుకున్నాడు.

"బిందూ, పెద్ద కాగితం ఉందా?" అంది హిమజ.

బిందుమాధవి సంచి విప్పింది. హిమజ చుక్కల మీద నీళ్ళు ఆరేదాకా ఊదింది. కాగితాన్ని బల్ల మూల మీద పరిచి, "బాపూ, కదలకుంట పట్టుకో," అంది. పెన్సిల్‌ను పడుకోబెట్టి మెల్లగా రుద్దసాగింది. నల్లటి పొర పరుచుకుంటుంటే లోపలి చుక్కలు తెల్లగా తేలాయి. జడలు వచ్చాయి. చెప్పు వచ్చింది. మూడేళ్ళ పిల్ల గీకిన వంకర గీత వచ్చింది. ఆఖరున తారీఖు వచ్చింది. ఉపేందర్ శుభ్రమైన గోళ్ళకు పెన్సిల్ మసి అంటింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.

ఫోన్ మోగింది. తేజేష్.

"రింగిచ్చి కట్ చేశావేంటి? ఏమైనా తేలిందా?"

హిమజ స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

బిందుమాధవి దగ్గరికొచ్చి చెవిలో అంది: "ఆలోచించుకోవే. ఆ ఆరు టేబుళ్ళూ సొంత పాత్రలకే. ఇది చెబితే నీ చోటు పోతుందేమో."

"పోనీ."

"హలో, హిమజా? ఉన్నావా?"

"ఉన్నాను తేజేష్. తేలింది. ప్లేటు మీద బొమ్మ గీసినాయన పేరు ఉపేందర్. నాచారంలో మార్కింగ్ ఫిట్టర్. ఆ బొమ్మ ఆయనది. పదిహేడేళ్ళ నుంచి ఆయనది. సాక్ష్యం నా చేతిలో ఉంది, ఇప్పుడే ఫొటో పంపిస్తాను."

"అంటే... మరి కాపీ కొట్టిందెవరు?"

ఉపేందర్ గబగబా చెయ్యి ఊపాడు, వద్దు బిడ్డా వద్దన్నట్టు. హిమజ మసి అంటిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"పేరు రాసుకో తేజేష్. హిమజ. ఉపేందర్ బిడ్డ హిమజ."